ఎక్స్‌రే బండి నడిపిన మేడం క్యూరీ

సింగపూర్‌లో విమానం దిగిన రెండు వారాల్లోపే మనవాళ్లకు తప్పని పని ఒకటుంది. అదే వర్క్ పర్మిట్ కోసం చేసే మెడికల్. ముందు రక్తం తీస్తారు. తర్వాత చొక్కా విప్పించి, చల్లటి పలకకు ఛాతీ ఆనించి, ఊపిరి బిగబట్టమంటారు. రెప్పపాటులో అయిపోతుంది. ఆ ఒక్క ఫొటోలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉంటే సరే. మచ్చ కనిపించిందంటే గుండెలో రాయి పడుతుంది. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు, ఇంటి దగ్గర ఎదురుచూసే ముఖాలు అన్నీ ఆ మచ్చలోనే కనబడతాయి.

పదేళ్లకు పైగా ఇక్కడి సైట్లలో సూపర్‌వైజరుగా ఉన్నాం. మెడికల్ అయిన రోజు రాత్రి డార్మిటరీలో వినబడే ప్రశ్నలు మాకు కంఠతా వచ్చేశాయి. ఎక్స్‌రే తీయించుకుంటే ఒంట్లో రక్తం తగ్గిపోతుందా అని ఒకరు అడుగుతారు. పిల్లలు పుట్టరటగా అని ఇంకొకరు. నడుం నొప్పికి ఒళ్లంతా స్కానింగ్ తీయిస్తే జబ్బేదో తేలిపోతుంది కదా అని మరొకరు. భయపడేవాళ్లు అతిగా భయపడతారు. నమ్మేవాళ్లు అతిగా నమ్ముతారు.

ఈ రెండు రకాల వాళ్లకూ సమాధానం ఒకే మనిషి జీవితంలో దొరుకుతుంది. ఆమె డాక్టరు కాదు. మనలాగే ఇల్లు వదిలి, దేశం దాటి, పరాయి భాష మధ్య బతికిన మనిషి. రేడియం కనిపెట్టిన శాస్త్రవేత్తగా బడి పుస్తకాల్లో మనమంతా చదువుకున్న మేడం క్యూరీ. రేడియం సంగతి అందరికీ తెలుసు. యుద్ధంలో ఆమె ఎక్స్‌రే బండి వేసుకుని తిరిగిన సంగతి, చివరి రోజుల్లో ఆమె సొంత ఎక్స్‌రేనే డాక్టర్లను పక్కదారి పట్టించిన సంగతి చాలామందికి తెలియదు. మాకూ ఆలస్యంగానే తెలిసింది.

అక్క చదువుకు చెల్లెలి సంపాదన

ఆమె పుట్టింది 1867 నవంబరు 7న, పోలండ్‌లోని వార్సాలో. అసలు పేరు మరియా స్క్లొదోవ్‌స్కా. అప్పట్లో వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. బడిలో సొంత భాషలో చదువు చెప్పడానికి కూడా వీలుండేది కాదు. తండ్రి లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు. తల్లి ఆడపిల్లల బడి నడిపింది. ఇంట్లో చదువుకు లోటు లేదుగానీ డబ్బుకు ఎప్పుడూ కటకటే.

ఆ తల్లికి క్షయ పట్టుకుంది. తన జబ్బు పిల్లలకు అంటుతుందేమోనని వాళ్లను దగ్గరికి తీసుకుని ముద్దుపెట్టుకోవడానికి కూడా ఆమె జంకేది. 1878లో ఆమె కన్నుమూసేనాటికి మరియాకు పదేళ్లు. అప్పటికి టీబీకి మందు లేదు. ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతోందో చూసే మార్గమూ లేదు. ఎక్స్‌రే రావడానికి ఇంకా 17 ఏళ్లు పట్టింది. ఈనాడు మన ఛాతీకి తీసే ఫొటో ప్రధానంగా వెతికేది ఆ జబ్బునే.

వార్సా విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలను చేర్చుకునేవారు కాదు. మరియాకు, అక్క బ్రోన్యాకు పై చదువులు చదవాలని కోరిక. ఇద్దరినీ పారిస్ పంపే స్తోమత తండ్రికి లేదు. అక్కాచెల్లెళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. ముందు అక్క పారిస్ వెళ్లి డాక్టరు చదవాలి. చెల్లెలు ఇక్కడే పనిచేసి డబ్బు పంపాలి. అక్క స్థిరపడ్డాక చెల్లెలిని పిలిపించుకోవాలి.

తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజుకో, చెల్లి పెళ్లికో ప్రతి నెలా డబ్బు పంపే మనవాళ్లకు ఈ ఒప్పందం గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. 18 ఏళ్ల వయసులో మరియా ఒక పల్లెటూరి జమీందారీ కుటుంబంలో పిల్లలకు చదువు చెప్పే కొలువుకు కుదిరింది. సగం జీతం అక్కకు పంపేది. ఖాళీ దొరికితే ఊళ్లోని పేద పిల్లలకు రహస్యంగా పోలిష్ భాష నేర్పేది. రాత్రిళ్లు ఒంటరిగా లెక్కలు చేసుకునేది. ఆ ఇంటి పెద్ద కొడుకు ఆమెను ఇష్టపడ్డాడు. జీతానికి పనిచేసే పిల్ల కోడలుగా రావడమేమిటని తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. అంత అవమానం జరిగినా ఆమె కొలువు వదల్లేదు. అక్కకు నెల నెలా డబ్బు వెళ్లాలి కదా.

అక్క మాట నిలబెట్టుకుంది. 1891లో మరియా పారిస్ రైలెక్కింది. చవక టిక్కెట్టు, తినడానికి సొంత మూట, కూర్చోవడానికి మడత కుర్చీ. అప్పుడామెకు 24 ఏళ్లు. పారిస్‌లో పై అంతస్తు మీద, పైకప్పు కింది చిన్న గదిలో ఉంటూ, చలికి ఉన్న బట్టలన్నీ మీద కప్పుకుని చదివింది. సరిగ్గా తినక ఒకసారి స్పృహ తప్పింది కూడా. 1893లో భౌతికశాస్త్రం పరీక్షలో మొదటి స్థానం ఆమెదే. మరుసటి ఏడాది 1894లో లెక్కల్లో రెండో స్థానం.

షెడ్డులో పుట్టిన రేడియం

1895లో రెండు విషయాలు జరిగాయి. జులైలో మరియా, పియరీ క్యూరీ అనే భౌతిక శాస్త్రవేత్తను పెళ్లాడి మేరీ క్యూరీ అయింది. నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రోంట్‌జెన్ అనే ప్రొఫెసర్ కంటికి కనబడని కొత్త కిరణాలను గుర్తించాడు. ఏ కిరణాలో తెలియక లెక్కల్లో తెలియని సంఖ్యకు పెట్టినట్టు ఎక్స్ అని పేరు పెట్టాడు. డిసెంబరులో భార్య చేతికి ఫొటో తీశాడు. అందులో ఎముకలు, వేలి ఉంగరం కనిపించాయి. కొద్ది వారాల్లోనే ఆ వార్త ప్రపంచమంతా చుట్టేసింది. కొద్ది నెలల్లోనే ఆసుపత్రుల్లో విరిగిన ఎముకలకు ఎక్స్‌రేలు తీయడం మొదలైంది.

1896లో పారిస్‌లో బెకెరల్ మరో వింత కనుక్కున్నాడు. యురేనియం తనంతట తానే కిరణాలు వెదజల్లుతోంది. మేరీ దాని వెంట పడింది. 1898లో భర్తతో కలిసి రెండు కొత్త మూలకాలు కనిపెట్టింది. మొదటిదానికి తన దేశం పేరు మీద పొలోనియం అని పెట్టింది. అప్పటికి పోలండ్ అనే దేశం పటంలోనే లేదు. రెండోది రేడియం.

దాన్ని విడదీసి చూపించడానికి మరో నాలుగేళ్లు పట్టింది. వర్షం వస్తే కారే పాత షెడ్డు. టన్నుల కొద్దీ ఖనిజపు మడ్డి. తన ఎత్తున్న ఇనప కడ్డీతో మరుగుతున్న గాబులను రోజంతా కలిపేది. మన సైట్లలో పనికి ఏ మాత్రం తీసిపోని చాకిరీ అది. 1902 నాటికి చేతికొచ్చింది గ్రాములో పదో వంతు రేడియం లవణం.

అప్పుడే చేతివేళ్లు పగిలి, గట్టిపడటం మొదలైంది. పియరీ కావాలనే రేడియం లవణాన్ని తన చేతికి కట్టుకుని చర్మం కాలడం చూశారు. చర్మాన్ని కాల్చేది కేన్సర్ గడ్డనూ కాలుస్తుంది కదా అన్న ఆలోచన వైద్యానికి దారి తీసింది. కిరణానికి మేలు చేసే గుణం, కీడు చేసే గుణం రెండూ ఉన్నాయని ఆ దంపతులకు మొదటి నుంచీ తెలుసు. కీడు ఎంత దూరం వెళ్తుందో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు.

1903లో బెకెరల్, పియరీలతో కలిసి ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. 1906లో పారిస్ వీధిలో గుర్రపు బండి కింద పడి పియరీ చనిపోయారు. ఇద్దరు చిన్న ఆడపిల్లలతో ఆమె మిగిలింది. భర్త చెప్పే పాఠాలు తనే చెప్పి, సోర్బాన్‌లో మొదటి మహిళా అధ్యాపకురాలైంది. 1911లో రెండో నోబెల్. రేడియం తీసే పద్ధతికి పేటెంటు తీసుకుంటే కోట్లు వచ్చేవి. భార్యాభర్తలు అది వద్దనుకున్నారు.

యుద్ధంలో ఎక్స్‌రే బండి

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఫిరంగి గుళ్ల ముక్కలు ఒంట్లో దిగిన సైనికులు వేలల్లో వచ్చి పడుతున్నారు. గుండు ఎక్కడుందో తెలియక సర్జన్లు గాయంలో వెతుక్కోవాల్సి వచ్చేది. చాలాసార్లు కాలో చెయ్యో తీసేయడం తప్ప దారి ఉండేది కాదు. ఎక్స్‌రే యంత్రాలు పెద్ద నగరాల ఆసుపత్రుల్లో ఉన్నాయిగానీ యుద్ధరంగానికి దగ్గరలో లేవు.

మేరీ లెక్క సూటిగా ఉంది. గాయపడినవాడు ఎక్స్‌రే దగ్గరకు రాలేకపోతే, ఎక్స్‌రేనే అతడి దగ్గరకు పోవాలి. డబ్బున్నవాళ్ల దగ్గర కార్లు అడిగి తీసుకుంది. కారులో డైనమో బిగించింది. ఇంజను తిరిగితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో ఎక్స్‌రే గొట్టం వెలుగుతుంది. ఒక మడత బల్ల, ఫొటో పలకలు, గది చీకటి చేయడానికి నల్ల తెరలు. కరెంటు లేని పల్లెటూరి ఆసుపత్రిలో కూడా బండి ఆగిన కొద్దిసేపటికే ఎక్స్‌రే గది తయారయ్యేది. సైట్లో జనరేటర్ పెట్టి పని నడిపించే మనకు ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది.

ఈ బండ్లకు సైనికులు చిన్న క్యూరీలు అని ముద్దు పేరు పెట్టుకున్నారు. ఆమె శరీర నిర్మాణం పుస్తకాలు ముందేసుకుని చదివింది. కారు నడపడం నేర్చుకుని 1916లో లైసెన్సు తీసుకుంది. టైరు పంక్చరైతే తనే దిగి మార్చేది. అప్పటికి ఆమెకు రెండు నోబెల్ బహుమతులు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. పెద్దమ్మాయి ఐరీన్‌ను యుద్ధం తొలినాళ్లలోనే, 17 ఏళ్ల వయసులో, వెంట తీసుకెళ్లింది. సుమారు 150 మంది మహిళలకు ఎక్స్‌రే తీయడం నేర్పింది.

యుద్ధం ముగిసేనాటికి 20 దాకా బండ్లు, 200 దాకా స్థిర కేంద్రాలు ఆమె చొరవతో ఏర్పాటయ్యాయి. వాటిలో పది లక్షల మందికి పైగా సైనికులకు ఎక్స్‌రేలు తీశారని అంచనా. గుండు ఎంత లోతులో ఉందో తెలియాలంటే రెండు కోణాల్లో ఫొటోలు తీసి, లెక్క కట్టి, సర్జన్‌కు చోటు చూపేవారు. ఆ లెక్క వల్ల ఎందరి కాళ్లూ చేతులూ నిలిచాయో.

కానీ ఆ రోజుల్లో పద్ధతి వేరు. పలక మీద ఒక ఫొటో తీసి ఊరుకునేవారు కాదు. తరచూ మెరిసే తెర వెనక మనిషిని నిలబెట్టి, కిరణాలు పారుతుండగానే చూస్తూ వెతికేవారు. ఒక్కో సైనికుడికి ఆ కిరణం తగిలేది కొద్ది నిమిషాలు. తీసే మనిషికి మాత్రం రోజంతా, ఏళ్ల తరబడి. చేతి తొడుగులు, చిన్నపాటి లోహపు అడ్డులు తప్ప వాళ్లకు రక్షణ పెద్దగా లేదు. తల్లీ కూతుళ్లిద్దరూ ఆ కిరణాల మధ్యే నాలుగేళ్లు గడిపారు.

హెల్మెట్ పెట్టుకోని సూపర్‌వైజర్

ఎక్స్‌రే ప్రమాదకరమని అప్పటికే హెచ్చరికలు వచ్చాయి. ఎడిసన్ దగ్గర ఎక్స్‌రే పరికరాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు తీసేయాల్సి వచ్చింది. 1904లో అతను చనిపోయాడు. ఇలా పోయిన డాక్టర్లు, టెక్నీషియన్లు, నర్సుల పేర్లతో 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక స్మారక స్తంభమే నిలబెట్టారు.

మేరీ విషయంలో మమ్మల్ని బాగా పట్టేసిన సంగతి ఒకటుంది. పారిస్‌లోని తన రేడియం సంస్థలో పిల్లలకు ఆమె జాగ్రత్తలు గట్టిగా చెప్పేది. సీసపు తెరలు వాడాలి, గొట్టాలను చేత్తో కాకుండా పట్టకారుతో పట్టుకోవాలి, రక్త పరీక్షలు చేయించుకోవాలి. అన్నీ ఇతరులకే. తను మాత్రం పాటించేది కాదు. అలవాటైపోయిన పని, మనకేమవుతుందిలే అన్న ధీమా. కుర్రాళ్లకు హార్నెస్ లేదని కేకలేసి, తను మాత్రం ఉత్త చేతులతో స్కాఫోల్డింగ్ ఎక్కే సూపర్‌వైజర్లు మనకు తెలుసు. మేము కూడా ఒకప్పుడు ఆ బాపతే. పై నుంచి పడితే దెబ్బ వెంటనే తెలుస్తుంది. కిరణం దెబ్బ ఇరవై ఏళ్లకు తెలుస్తుంది. తేడా అంతే.

1920ల్లో ఆమె కళ్లకు శుక్లాలు పట్టాయి. పలుమార్లు ఆపరేషన్లు చేయించుకుంది. చూపు మందగించిన సంగతి బయటకు పొక్కకుండా దాచింది. చెవుల్లో హోరు, వేళ్లకు మానని పుళ్లు. అయినా పని మానలేదు. 1932లో వార్సాలో రేడియం సంస్థ ప్రారంభోత్సవానికి వెళ్లింది. దాని బాధ్యతలు చూసింది డాక్టరైన అక్క బ్రోన్యా. నలభై ఏళ్లకు పైబడిన ఆ పాత ఒప్పందం అలా సొంత ఊళ్లో ఫలించింది.

1934 మే నెలలో జ్వరంతో ప్రయోగశాల నుంచి ఇంటికి వెళ్లింది. మళ్లీ రాలేదు. డాక్టర్లు ఛాతీ ఎక్స్‌రే తీశారు. పాత టీబీ మచ్చల్లాంటివి కనిపించాయి. తల్లి పోయిందీ ఆ జబ్బుతోనే. టీబీయే అయ్యుంటుందని, కొండ గాలి మేలు చేస్తుందని ఆల్ప్స్ పర్వతాల దగ్గరి శానటోరియంకు పంపారు. అంత నీరసంలో రైలు ప్రయాణం చేయించారు. అక్కడ మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల్లో జబ్బేమీ లేదు! ప్రయాణం వృథా అయింది. అసలు సంగతి రక్త పరీక్షలో బయటపడింది. ఎర్ర కణాలు, తెల్ల కణాలు రెండూ వేగంగా పడిపోతున్నాయి. ఎముకల్లోని మూలుగ రక్తం తయారుచేయడం మానేసింది. 1934 జులై 4న ఆమె కన్నుమూసింది. వయసు 66.

చాలాకాలం ఆమె మరణానికి కారణం రేడియమేనని అందరూ అనుకున్నారు. 1995లో ఆమె అవశేషాలను పారిస్‌లోని పాంథియన్‌కు తరలించినప్పుడు ఫ్రాన్స్ రేడియేషన్ రక్షణ సంస్థవాళ్లు పరీక్షలు చేశారు. శవపేటికలో రేడియం ప్రమాదకర స్థాయిలో లేదని తేలింది. ఆమె జబ్బుకు కారణం యుద్ధకాలంలో రక్షణ లేకుండా తగిలిన ఎక్స్‌రేలే అయ్యుండొచ్చని వారి అభిప్రాయం. ఐరీన్ కూడా 1956లో రక్త కేన్సర్‌తో పోయింది.

ఫొటో చూపేది, చూపనిది

ఎక్స్‌రే చేసే మేలు, దాని పరిమితి, దాని ప్రమాదం... మూడూ ఆ ఒక్క జీవితంలోనే ఉన్నాయి. ఇక మన సంగతికి వద్దాం.

మేలు గురించి సందేహం అక్కర్లేదు. పై నుంచి పడినవాడి తలలో రక్తస్రావం ఉందా లేదా అన్నది సీటీ స్కాన్ నిమిషాల్లో చెబుతుంది. ఆ సమయంలో రేడియేషన్ అని వెనకాడితే ప్రాణం మీదికొస్తుంది. టీబీని ముందే పట్టుకుంటే ఆరు నెలల మందులతో చాలామందికి నయమవుతుంది. గదిలో పక్క మంచం మీద పడుకునేవాళ్లూ బాగుంటారు.

పరిమితి కూడా గుర్తుంచుకోవాలి. మాకు తగిలిన ఒక అనుభవం చెబుతాం. మా సైట్లో ఒక కుర్రాడు మెట్ల మీద జారి, చెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. మణికట్టు వాచింది. ఎక్స్‌రేలో విరుగుడేమీ కనబడలేదు. నొప్పి తగ్గకపోతే మళ్లీ రమ్మని చెప్పే పంపారట. ఆ మాట మేము పట్టించుకోలేదు. ఫొటో బాగుంది కదా, సాకులు చెబుతున్నాడని మూడో రోజే పనిలోకి దింపాం. రెండు వారాల తర్వాత తీసిన ఎక్స్‌రేలో బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక చీలిక స్పష్టంగా కనిపించింది. ఆ ఎముక విరుగుడు మొదటి రోజు ఫొటోలో కనబడకపోవడం మామూలేనని, పది పద్నాలుగు రోజులకు మళ్లీ చూడాలని అప్పుడు తెలిసింది. ఆ కుర్రాడి చెయ్యి చాలా నెలలు బాధపెట్టింది. తప్పు ఫొటోది కాదు. మనిషి మాట కన్నా ఫొటోను ఎక్కువ నమ్మిన మాది.

ఎక్స్‌రేలో ఎముక బాగా కనబడుతుంది. కండరం, నరం, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు సరిగా కనబడవు. మామూలు నడుం నొప్పికి ఎక్స్‌రే తీయించి లాభం ఉండదు. చాలావరకు కొద్ది వారాల్లో తగ్గుతుంది. కాళ్లు బలహీనపడటం, తిమ్మిరి, మూత్రం మీద పట్టు తప్పడం, జ్వరం ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఎమ్మారైలో డిస్కు ఉబ్బు కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణం అనుకోవడానికీ లేదు. నొప్పి లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంటుంది. అలాగే ఛాతీ ఫొటోలో మచ్చ ఉంటే అది టీబీయేనని కాదు. చిన్నప్పుడు ఎప్పుడో మానిన జబ్బు తాలూకు గుర్తు కావచ్చు. కఫం పరీక్షతోనే నిర్ధారణ అవుతుంది. మేడం క్యూరీకి జరిగింది గుర్తుంది కదా. మచ్చ కనబడిందని చెప్పగానే కుంగిపోకుండా, తర్వాతి పరీక్ష ఏమిటని అడగాలి.

ఫొటో చదవడం ఒక విద్య. ఆ విద్యలో పేరు తెచ్చుకున్న మన తెలుగువారు డాక్టర్ కాకర్ల సుబ్బారావు. 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, అమెరికాలో రేడియాలజిస్టుగా పనిచేసి, హైదరాబాదు వచ్చి నిమ్స్‌ను నడిపించారు. 2000లో పద్మశ్రీ అందుకుని, 2021లో కన్నుమూశారు. పాత ఫొటోలు పక్కన ఉంటే ఇలా చదివేవారి పని సులువవుతుంది. మచ్చ పాతదో కొత్తదో పోల్చి చూడొచ్చు. అందుకే ఇంటి దగ్గర తీయించిన ఎక్స్‌రే ఫిల్ము, రిపోర్టు పారేయకుండా దాచుకోవాలని మేము పోరుపెడుతుంటాం. అదే ఫొటో మళ్లీ తీయించే అవసరం కూడా తప్పుతుంది.

లెక్క తెలిస్తే భయం పోతుంది

ఇక రేడియేషన్. దీన్ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ తగులుతూనే ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 లేదా అంతకన్నా తక్కువ. అంటే పదిహేను రోజులు ఊరికే కూర్చున్నా తగిలేంత. దానివల్ల రక్తం తగ్గదు. పిల్లలు పుట్టరన్న మాటా నిజం కాదు.

కడుపు సీటీ స్కాన్ లెక్క వేరు. సుమారు 8 మిల్లీసీవర్ట్‌లు. మూడేళ్ల సహజ రేడియేషన్ ఒక్కసారే తగిలినట్టు. అవసరమైతే తీయించుకోవాల్సిందే. రాబోయే ఏళ్లలో కేన్సర్ వచ్చే అవకాశం అతి కొద్దిగా పెరగొచ్చు. జబ్బు తెలియకపోతే వచ్చే నష్టం ముందు అది చిన్నది. కానీ ఒంట్లో ఏ బాధా లేకుండా, సెలవులో ఊరెళ్లినప్పుడు ప్యాకేజీ అని, డిస్కౌంట్ అని ఒళ్లంతా సీటీ తీయించుకోవడం తెలివైన పని కాదు. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. పెరిగే శరీరానికి రేడియేషన్ ప్రభావం ఎక్కువ. భార్య గర్భంతో ఉంటే, ఉందన్న అనుమానం ఉన్నా, ఎక్స్‌రే, సీటీలకు ముందే చెప్పాలి.

అల్ట్రాసౌండ్, ఎమ్మారైలలో ఇలాంటి రేడియేషన్ లేదు. అయితే ఎమ్మారై పెద్ద అయస్కాంతం. మన పనివాళ్లు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. గ్రైండింగ్ చేసేటప్పుడు ఎప్పుడైనా కంట్లో ఇనప రజను పడి ఉంటే, ఒంట్లో రాడ్డో స్క్రూనో ఉంటే ఎమ్మారై గదిలోకి వెళ్లకముందే చెప్పాలి. కంట్లోని ఇనప ముక్క కదిలితే చూపు పోయే ప్రమాదం ఉంది.

మన పనిచోట కూడా ఇలాంటి కిరణాలు ఉన్నాయి. పైపుల వెల్డింగ్ జాయింట్లు లోపల గట్టిగా ఉన్నాయో లేదో చూడటానికి రాత్రిపూట రేడియోగ్రఫీ చేస్తారు. చాలాసార్లు అందుకు వాడేది ఇరిడియం. ఛాతీ ఎక్స్‌రేతో దీనికి పోలికే లేదు. తాడు కట్టి, లైటు వెలిగించి, మూడు రెక్కల గుర్తు పెడితే ఆ గీత దాటకూడదు. టార్చి మరిచిపోయామనో, దగ్గర దారనో తాడు కింద నుంచి దూరేవాళ్లను మేము చూశాం. సమయం తగ్గించడం, దూరం పెంచడం, మధ్యలో అడ్డు ఉంచడం... రక్షణ సూత్రాలు ఈ మూడే. దూరం రెట్టింపైతే తగిలే కిరణం నాలుగో వంతుకు పడిపోతుంది. రోజూ ఆ పని చేసేవాళ్లు ఒంటి మీద కొలిచే బ్యాడ్జీ పెట్టుకుంటారు. వాళ్లకు ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌ల పరిమితి ఉంది. ఈ సూత్రాలు, ఈ బ్యాడ్జీలు ఊరికే రాలేదు. క్యూరీ తల్లీకూతుళ్లు, డాలీ లాంటివాళ్లు చెల్లించిన మూల్యం నుంచి వచ్చాయి.

మేడం క్యూరీ ప్రయోగశాల పుస్తకాలు పారిస్‌లో ఇప్పటికీ సీసపు పెట్టెల్లోనే ఉన్నాయి. వాటిలో రేడియం ఇంకా మిగిలే ఉంది. చెల్లెలుగా ఆమె పంపిన డబ్బు ఒక డాక్టర్‌ను తయారుచేసింది. తల్లిగా ఆమె వెంట తీసుకెళ్లిన కూతురూ 1935లో నోబెల్ అందుకుంది. ఆమె నడిపిన బండి లక్షల మంది గాయాలను చూపించింది. తనకు మాత్రం ఒక సీసపు తెర అడ్డం పెట్టుకోలేదు.

వచ్చే వారం మా డార్మిటరీలో కొత్తగా దిగినవాళ్లకు మెడికల్ ఉంది. ఆ పలకకు ఛాతీ ఆనించడానికి భయపడొద్దని, ఫొటో తీసే మనిషి మాత్రం గోడ వెనక్కి ఎందుకు వెళ్తారో గమనించమని చెబుతాం. మనకు అది ఒక్కసారే. వాళ్లకు రోజూ. మేడం క్యూరీకి లేనిది ఆ గోడే.